టంకశాల సాక్ష్యం, సంత సాక్ష్యం

నాణెం అచ్చుపడిన నాడు ఎట్లా ఉంటుందో చూచినవారు చాల తక్కువ. మన చేతికి వచ్చే రూపాయి అప్పటికే పలువురి చేతులు మారినది. సంచులలో ఒరసికొని, గల్లాపెట్టెలలో దొర్లి, చెమటకు మాసి, కొంత అరిగి మనను చేరుతుంది. దానిమీది సింహాల జూలు, ధాన్యపు వెన్నుల గింజలు టంకశాలలో ఎంత స్పష్టంగా ఉండెనో మనకు తెలియదు. ఈ కొరత తీర్చడానికే కొన్ని దేశాల టంకశాలలు ఆయా సంవత్సరం ముద్రించిన నాణేలను ఒక్కొక్కటి చొప్పున తీసి, పేటికలో అమర్చి, అపేక్షించినవారికి అమ్ముతున్నవి. వీటినే వార్షిక నాణేల సెట్లు అంటారు. వీటిని ఏటేటా తెప్పించుకొని దాచుకొనడం లోకంలో చాలమందికి ఒక సరదా.

ఇది తీరుబడి ఉన్నవారి వినోదం మాత్రమేనా, లేక దీనివలన చరిత్ర, విజ్ఞానం కూడ అబ్బునా అన్న ప్రశ్న ఉపాధ్యాయులకు కలుగుట సహజం. దీనికి సమాధానం కొరకు ఎంతో దూరం పోనక్కరలేదు. మన తెలంగాణలో ఒక్క తరం కాలంలో మూడు రకాల లెక్కలు, మూడు రకాల నాణేలు మారినవి. ఆ కథను పరిశీలిస్తే సెట్టులోని నాణెం ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో స్పష్టమవుతుంది.

ప్రూఫ్ నాణెం అంటే ఏమిటి?

వార్షిక సెట్లు రెండు విధాలు. మొదటిది మామూలు అచ్చులతో, మామూలు యంత్రంమీద ముద్రించి, చలామణీకి పంపకుండా తీసి ఉంచిన నాణేల సెట్టు. దీనిని మింట్ సెట్ అంటారు. రెండవది ప్రూఫ్ సెట్.

పూర్వం కొత్త అచ్చు చెక్కినపుడు అది సరిగా వచ్చినదో లేదో చూచుటకు ముందుగా రెండు మూడు నాణేలు జాగ్రత్తగా కొట్టి పరీక్షించేవారు. పుస్తకం అచ్చువేసే ముందు ప్రూఫు తీసి దిద్దుకొనుట వంటిదే ఇది. అట్లా పరీక్ష కొరకు పుట్టిన నాణెం క్రమంగా కానుక ఇచ్చుటకు, భద్రపరచుటకు ప్రత్యేకంగా చేసే నాణెంగా మారినది.

దాని తయారీ వేరు. అచ్చు చదునుభాగాన్ని అద్దంవలె మెరుగుపెడతారు. బొమ్మ ఉన్న పల్లాలను గరుకుగా ఉంచుతారు. లోహపు బిళ్లను కూడ మెరుగుపెట్టి, చేతితో తీసి యంత్రంలో పెడతారు. మామూలు నాణెం ఒక్క దెబ్బతో తయారై నిమిషానికి వందల లెక్కన బయటపడుతుంది. ప్రూఫ్ నాణేన్ని నెమ్మదిగా, ఒకటికంటె ఎక్కువసార్లు అదుముతారు. అందువలన లోహం అచ్చులోని ప్రతి సన్నగీతలోనికి ప్రవహిస్తుంది. గట్టి లోహం ప్రవహించడమేమిటని విద్యార్థులు ఆశ్చర్యపడవచ్చును. చాలినంత ఒత్తిడి కలిగితే వెండి, రాగి, నికెల్ వంటి లోహాలు కరుగకుండానే రూపు మార్చుకొని ఆ రూపంలో నిలుస్తవి. నాణేల ముద్రణకు ఆధారం ఈ గుణమే.

ఇట్లా తయారైన నాణెంలో చదునుభాగం అద్దంవలె నల్లగా మెరుస్తుంది. బొమ్మ మంచు పట్టినట్లు తెల్లగా పైకి తేలుతుంది. నునుపైన తలం వెలుతురును ఒకే దిక్కుకు పంపుతుంది, గరుకుతలం నలుదిక్కుల వెదజల్లుతుంది. ఆ తేడాయే మన కంటికి ఈ సొగసుగా కనబడుతున్నది.

ఈ అలవాటు ఎప్పటిది?

ఇంగ్లండులో పట్టాభిషేకం, జూబిలీ వంటి రాచవేడుకల సందర్భాలలో ప్రూఫ్ సెట్లు వెలువడేవి. 1887, 1902, 1911, 1937, 1953 సంవత్సరాల సెట్లు ప్రసిద్ధమైనవి. అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాల 19వ శతాబ్దం మధ్యనుండి ప్రూఫ్ నాణేలను ప్రజలకు అమ్మినది. 1936లో ఆ దేశంలో వార్షిక ప్రూఫ్ సెట్ల అమ్మకం మొదలైనది. యుద్ధకాలంలో ఆగి, 1950లో తిరిగి ప్రారంభమైనది. అక్కడ మింట్ సెట్లను 1947 నుండి అమ్మినారు.

మన దేశంలో నాణేల సేకరణకు శాస్త్రదృష్టిని అలవరచినవారిలో జేమ్స్ ప్రిన్సెప్ ముఖ్యుడు. ఈయన కాశీ టంకశాలలోను, తరువాత కలకత్తా టంకశాలలోను లోహపరీక్షకుడుగా పనిచేసినాడు. పగలు వెండి మేలిమిని సున్నితమైన త్రాసులతో తూచిన చేతులే ప్రాచీన నాణేలను తూచినవి, వాటిమీది అక్షరాలను పోల్చినవి. ఆ పోలికల సహాయంతోనే 1837 నాటికి ఆయన బ్రాహ్మీలిపిని చదువగలిగినాడు. దేశమంతటికి ఒకే బరువు, ఒకే మేలిమి గల రూపాయిని ఏర్పరచిన 1835 సంస్కరణలో కూడ ఆయన కృషి ఉన్నది.

అయితే ఆ కాలపు టంకశాలల అలవాటు ఒకటి సేకరణకర్తలను నేటికీ చిక్కులలో పెడుతున్నది. కలకత్తా, బొంబాయి టంకశాలలు పాత అచ్చులను దాచి ఉంచి, అడిగినవారికి పాత సంవత్సరం వేసిన నాణేలను మళ్లీ కొట్టి ఇచ్చేవి. 1970 ప్రాంతం వరకు ఈ పద్ధతి నడిచినది. అందువలన విక్టోరియా కాలపు తేదీ గల ప్రూఫ్ నాణెం నిజంగా ఆ కాలంలో పుట్టినదే కానక్కరలేదు. అచ్చు పాతదే, ముద్ర మాత్రం కొత్తది. టంకశాల సాక్ష్యం ఎంత మెరిసినా దానిని కూడ పరీక్షించుకొనవలెనని ఇది నేర్పుతున్నది.

చార్మినారు రూపాయి

హైదరాబాద్ రాజ్యానికి సొంత టంకశాల ఉండేది. మూడవ నిజాం సికందర్ జా కాలంలో, 1803లో అది ఏర్పడినది. మొదట నాణేలను చేతితో, సుత్తెదెబ్బతో ముద్రించేవారు. బిళ్ల ఒక పక్కకు జరిగి సగం అక్షరాలే పడేవి. 19వ శతాబ్దం చివర యంత్రాలు వచ్చినవి. 1903లో టంకశాల సైఫాబాదుకు మారినది. ఆ రోజులలోనే మహబూబ్ అలీఖాన్ పేర చార్మినారు బొమ్మతో గుండ్రని, అంచు తీరిన నాణేలు వెలువడినవి. ప్రజలు వీటిని హాలీ సిక్కాలన్నారు. ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఉస్మానియా సిక్కా అనే పేరు వాడుకలోనికి వచ్చినది.

ఈ రూపాయిని భూతద్దంతో చూస్తే ఎన్నో సంగతులు కనబడతవి. చార్మినారు ద్వారంలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. అది మీమ్ అయితే మహబూబ్ అలీఖాన్ కాలపుది, ఐన్ అయితే ఉస్మాన్ అలీఖాన్ కాలపుది. నాణెంమీద 92 అనే అంకె కనబడుతుంది. అక్షరాలకు సంఖ్యావిలువలిచ్చే అబ్జద్ లెక్క ప్రకారం అది ముహమ్మద్ నామానికి సంకేతం. సంవత్సరం హిజ్రీ శకంలో ఉంటుంది. హిజ్రీ సంవత్సరానికి 354 దినాలే కాబట్టి దానిని 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించుగా మన క్రీస్తుశకం వస్తుంది. హిజ్రీ 1321ని ఈ విధంగా లెక్కించి చూడండి; 1903 వస్తుంది.

మరొక విశేషం. నిజాం నాణేలమీద తెలుగు లేదు, అక్షరాలన్నీ పారసీలిపిలోనివే. నిజాం ప్రభుత్వం 1918 నుండి వెలువరించిన నోట్లమీద మాత్రం తెలుగు ఉండేది. బ్రిటిషు ఇండియాలో 1907లో చలామణీకి వచ్చిన అంచు వంపుల అణాబిళ్లమీద నాలుగు దేశీయలిపులలో విలువ ముద్రించినారు. వాటిలో తెలుగు ఒకటి. రాజ్యం హద్దు దాటితే నాణెంమీది లిపి కూడ మారేదన్నమాట.

ఏడు హాలీలు, ఆరు కల్దారులు

ఇక ఒక ఊరిని తీసికొని చూద్దాము. నేటి మహబూబాబాద్ జిల్లాలోని కురవి చాల పాత ఊరు. శాసనాలలో దీనిపేరు కొరవి. ముదిగొండ చాళుక్యుల చరిత్రలోను, కాకతీయుల తొలినాళ్ల చరిత్రలోను ఈ పేరు వస్తుంది. అక్కడి వీరభద్రస్వామికి శివరాత్రినాడు జరిగే జాతర సుప్రసిద్ధం. 1948 వరకు ఈ ప్రాంతం నిజాం రాజ్యంలోనిది. సమీపంలోని మానుకోట, అనగా మహబూబాబాదు, ఓరుగల్లునుండి బెజవాడకు పోయే రైలుమార్గంలో ఉన్నది. 1889 నాటికే ఆ మార్గం బెజవాడను చేరినది. బెజవాడ బ్రిటిషు పాలనలోనిది. కాబట్టి మానుకోటలో రైలెక్కి బెజవాడలో దిగిన మనిషి నాణెం మార్చుకొనవలసి వచ్చేది. బ్రిటిషు రూపాయిని తెలంగాణలో కల్దారు అనేవారు.

మారకపు రేటు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారులు. అంటే నూరు కల్దారులకు హాలీ సిక్కాలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. చూచుటకు వింతగా కనబడే ఈ లెక్క ఎక్కడినుండి వచ్చినది? త్రాసును అడుగుదాము.

కల్దారు రూపాయి బరువు 11.66 గ్రాములు. దానిలో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. అనగా స్వచ్ఛమైన వెండి సుమారు 10.69 గ్రాములు. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు. దానిలో వెయ్యికి 818 పాళ్లు వెండి. అనగా 9.15 గ్రాములు. ఇప్పుడు ఆరు కల్దారుల వెండిని లెక్కకట్టితే 64.1 గ్రాములు వస్తుంది. ఏడు హాలీల వెండి 64.0 గ్రాములు. రెండూ దాదాపు సమానమే! సర్కారు కాగితంమీద ఉన్న రేటుకు పునాది లోహంలోనే ఉన్నదని ఈ చిన్న గుణకారం తెలుపుతున్నది.

ఈ మేలిమిని పాఠశాలలో కూడ పరీక్షించవచ్చును. అరిగిపోయిన హాలీ రూపాయి ఒకటి దొరికితే దానిని సన్నని దారంతో కట్టి, మొదట గాలిలోను, తరువాత నీటిలో వ్రేలాడదీసి తూచవలెను. గ్రాములో నూరవవంతు చూపే త్రాసు కావలెను. నీటిలో తగ్గిన బరువుతో గాలిలోని బరువును భాగిస్తే సాంద్రత వస్తుంది. ఆర్కిమిడీస్ చెప్పిన సూత్రం ఇదే. వెండి సాంద్రత 10.5, రాగి సాంద్రత 9కి కొంచెం తక్కువ. వీటినిబట్టి లెక్కిస్తే హాలీ రూపాయికి సుమారు 10.17, కల్దారుకు 10.34 రావలెను. అరగని హాలీ రూపాయి నీటిలో 1.10 గ్రాములు తగ్గును. అంతే బరువుగల జర్మన్ సిల్వరు దొంగనాణెం అయితే సుమారు 1.28 గ్రాములు తగ్గును. ఇంత తేడా దాగదు.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యవిషయం ఒకటున్నది. నాణెం అరిగినపుడు బరువు తగ్గుతుంది గాని సాంద్రత తగ్గదు. అక్షరాలు చెరిగిపోయిన బిళ్ల కూడ తన మేలిమిని గురించి నిజమే చెబుతుంది. సంతలో నలిగిన నాణెం సాక్ష్యానికి పనికిరాదనుకొనడం పొరపాటు.

1950 నాటి ఏడు నాణేలు

1950లో హైదరాబాద్ టంకశాల భారత ప్రభుత్వానికి చెందినది. ఆ సంవత్సరం ఆగస్టు 15న గణతంత్ర భారతపు తొలి నాణేలు వెలువడినవి. రాజు తల స్థానంలో అశోకుని సింహశీర్షం వచ్చినది. ఆ సంవత్సరం నాణేలతో బొంబాయి టంకశాల ప్రూఫ్ సెట్ తయారుచేసినది. దానిలో ఏడు నాణేలు: కానీ, అర్ధణా, అణా, బేడ, పావలా, అర్ధరూపాయి, రూపాయి. కానీమీద గుర్రం, తరువాతి మూడింటిమీద ఎద్దు, పెద్దవాటిమీద ధాన్యపు వెన్నులు.

ఈ ఏడింటిని వరుసగా పెట్టి చూస్తే మన పెద్దల లెక్క మొత్తం ఒక్కచోట కనబడుతుంది. కానీని ఒకటి అనుకొంటే అర్ధణా 2, అణా 4, బేడ 8, పావలా 16, అర్ధరూపాయి 32, రూపాయి 64. ప్రతి నాణెం ముందుదానికి రెండింతలు. సెట్టు మొత్తం విలువ 127 కానులు, అనగా ఒక రూపాయి 15 అణాల 3 కానులు. ఏడు నాణేలు ఒక్కొక్కటే ఉన్నా, ఒక కానీనుండి 127 కానుల వరకు ఏ మొత్తమైనా చిల్లర అడుగకుండా చెల్లించవచ్చును. నేటి గణనయంత్రాలు వాడే ద్విసంఖ్యామానం సరిగా ఇదే. విద్యార్థులు 45 కానులను ఏయే నాణేలతో చెల్లించవచ్చునో వ్రాసి చూడవలెను.

ఆ సెట్టుతో మరొక ప్రయోగం. ఆ సంవత్సరపు వాడిన నాణేలు దొరికితే వాటికి అయస్కాంతం చూపవలెను. పావలా, అర్ధరూపాయి, రూపాయి అంటుకొంటవి. అవి నికెల్ నాణేలు. అర్ధణా, అణా, బేడ అంటుకొనవు. వాటిలో నికెల్ ఉన్నా రాగి పాలు ఎక్కువ. కానీ కంచుది. 1940లో బ్రిటిషు రూపాయిలో వెండి సగానికి తగ్గినది. 1947 నాటి రూపాయి పూర్తిగా నికెల్‌దే. యుద్ధం వెండిని ఎట్లా మింగివేసినదో ఒక చిన్న అయస్కాంతం చెప్పగలదు.

మూడు లెక్కల కాలం

1951లో హాలీ సిక్కా ముద్రణ ఆగినది. 1959 వరకు అది చెల్లుబాటులో ఉన్నది. ఈ లోపల 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చినవి. రూపాయికి 100 నయాపైసలు. ఆ రెండేళ్లలో కురవి వంటి ఊరిలో దుకాణం పెట్టినవాని అవస్థ ఊహించండి. హాలీ రూపాయి ఇచ్చేవారు, అణాలు ఇచ్చేవారు, నయాపైసలు ఇచ్చేవారు ఒకే గుమ్మం ముందు నిలబడవచ్చును. హాలీ రూపాయి విలువ కొత్తలెక్కలో 85.7 పైసలు, పాతలెక్కలో 13 అణాల ఎనిమిదిన్నర పైలు. అణాకు 6.25 నయాపైసలు రావలెను. పావుపైసా నాణెం లేదు కాబట్టి అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టిక వేసినారు. ఒక్కొక్క అణా చొప్పున నాలుగుసార్లు మార్చుకొన్నవానికి 24 పైసలే వస్తవి. ఒకేసారి మార్చుకొన్నవానికి 25 వస్తవి. చిన్నమొత్తాలు చేతబట్టుకొని వచ్చే పేదవానికే ఈ పైసా నష్టం ఎక్కువగా తగిలేది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. 1950 నాటి భారత నాణేలు అచ్చుపడిన రూపంలో సెట్లలో భద్రంగా ఉన్నవి. హాలీ సిక్కాలకు మాత్రం ఏటేటా సామాన్యునికి అందే సెట్లు ఉండలేదు. నాణెంలోని వెండి ధర దానిమీద వ్రాసిన విలువను మించినపుడు అది కంసాలి మూసలోనికి పోవుట లోకసహజం. హాలీ రూపాయలు చాలభాగం కడియాలు, మొలతాడు బిళ్లలు అయినవి. నేడు తెలంగాణ పల్లెలలో మిగిలినవి ఏ బియ్యపుకుండ అడుగునో, దేవుని గూటిలోనో, ముసలమ్మల కాసులపేరులోనో ఉన్నవే. ఆ అరిగిన బిళ్లే ఇక్కడ చరిత్రకు దక్కిన ఆధారం.

ఏటేటా ఒక మాట

భారత ప్రభుత్వం 1964లో నెహ్రూ స్మారక నాణేలను, 1969లో గాంధీ శతజయంతి నాణేలను వెలువరించినది. 1970 నుండి బొంబాయి టంకశాల ప్రూఫ్ సెట్లు ఏటేటా రాసాగినవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రోత్సాహంతో చాలవాటిమీద ఒక నినాదం ముద్రించినారు. 1970లో అందరికీ ఆహారం, 1973లో ఆహారోత్పత్తి పెంపు, 1974లో ప్రణాళికాబద్ధ కుటుంబం, 1976లో అందరికీ తిండి, పని, 1977లో అభివృద్ధికి పొదుపు, 1978లో తిండి, నివాసం, 1979లో బాలలు, 1980లో గ్రామీణ స్త్రీల ప్రగతి, 1981లో ప్రపంచ ఆహార దినం. ఈ సెట్లను వరుసగా పేర్చితే ఆ దశాబ్దంలో ప్రభుత్వానికి ఏ చింత ముఖ్యమో పుస్తకం తెరువకుండానే తెలుస్తుంది.

అవే సెట్లు మరొక కథ కూడ చెబుతవి. 1835 రూపాయిలో 10.69 గ్రాముల వెండి ఉండేది. 1970 పదిరూపాయల నాణెంలో 12 గ్రాములున్నది, అనగా రూపాయికి 1.2 గ్రాములు. 1972లో అది సుమారు 1.1 గ్రాములైనది. 1974లో పదిరూపాయల నాణెంలో వెండియే లేదు. ఏబదిరూపాయల నాణెంలో రూపాయికి 0.35 గ్రాముల చొప్పున ఉన్నది.

తెలుగువారికి ప్రియమైన ఉదాహరణ ఇటీవలిది. నందమూరి తారక రామారావు శతజయంతి సందర్భంగా 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన నూరురూపాయల నాణెం హైదరాబాద్ టంకశాలలో తయారైనది. వ్యాసం 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. సగం వెండి, 40 పాళ్లు రాగి, నికెల్, తుత్తునాగం అయిదేసి పాళ్లు. రూపాయికి వెండి 0.175 గ్రాములే. ఇటువంటి నాణేలను ముఖవిలువకంటె ఎక్కువ ధరకు అమ్ముతారు, ఎవరూ సంతలో మార్చరు. కాబట్టి దానిని డబ్బు అనుటకంటె జ్ఞాపిక అనుట సమంజసం. రేపు ధర పెరుగునన్న ఆశతో సెట్లు కొనేవారు ఈ భేదం మరువరాదు.

నాణేన్ని కాపాడుట

పండుగనాడు రాగిచెంబును చింతపండుతో తోముట మన ఇండ్లలో అలవాటు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం రాగిమీది చిలుమును కరగించి చెంబును మెరిపిస్తుంది. ఆ పని నాణేనికి చేయరాదు. ఆమ్లం చిలుముతోపాటు పైపొరను కూడ తింటుంది. పీచు గీతలు గీస్తుంది. నాణెం మెరుస్తుంది గాని దాని సాక్ష్యం పోతుంది. ప్రూఫ్ నాణేన్ని గుడ్డతో తుడిచినా అద్దంవంటి తలం గీతలుపడి మరల బాగుపడదు. దానిని వ్రేళ్లతో అంచు పట్టుకొనియే తీయవలెను. చెమటలోని ఉప్పు, కొవ్వు కొంతకాలానికి మచ్చలు కట్టుతవి.

వెండి నల్లబడుట గాలిలోని గంధక వాయువులవలన. రబ్బరు పట్టీలలో గంధకం ఉంటుంది కాబట్టి వాటిని నాణేలకు చుట్టరాదు. పి.వి.సి. ప్లాస్టిక్ సంచులు మరింత ప్రమాదం. అవి పాతబడినకొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం విడుస్తవి. రాగి కలిసిన నాణేలమీద పచ్చని జిగురు పుడుతుంది. సెట్టును టంకశాల ఇచ్చిన పేటికలోనే, తేమ తగలని చోట ఉంచుట మేలు.

పాఠశాలలో చేయదగిన పని

వార్షిక సెట్టు కొనుటకు ప్రతి విద్యార్థికి శక్తి ఉండదు, అవసరమూ లేదు. పాఠశాలకు ఒక మింట్ సెట్టు ఉంటే చాలును. దానిని కొలబద్దగా ఉంచుకొని, విద్యార్థులు తమ ఇండ్లలోని పాతనాణేలను దానిపక్కన పెట్టి చూడవచ్చును. సంవత్సరం క్రింద నక్షత్రం గుర్తుంటే హైదరాబాదు, వజ్రాకారం ఉంటే ముంబయి, గుండ్రని చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకుంటే కలకత్తా. ఒకే రూపాయిని అయిదేండ్ల తేడాతో తీసికొని తూచితే చలామణీలో ఎంత లోహం అరిగినదో తెలుస్తుంది. 2011 జూన్ 30తో చెల్లుబాటు ఆగిన 25 పైసలు, అంతకు లోపలి నాణేలు ఇండ్లలో మూలబడి ఉన్నవి. అవి చరిత్రలోనికి పోకముందే వరుస కట్టుకొనవచ్చును.

పెద్దల దగ్గర హాలీ సిక్కా ఉంటే అడిగి తీసికొననక్కరలేదు. అక్కడనే కొలిచి, తూచి, రెండువైపుల పెన్సిలుతో కాగితంమీద అచ్చుతీసి, ఏ ఊరు, ఎవరి ఇంట, ఎట్లా వచ్చినది, దానితో ఏమి కొనేవారు అన్న సంగతులు వ్రాసికొంటే చాలును. ఆ వ్రాత లేని నాణెం ఊరుపేరు లేని మనిషివంటిది. పొలం దున్నేటప్పుడు నిక్షేపం బయటపడితే మాత్రం దాచుకొనరాదు. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలుపవలెను. కాకతీయుల కాలపు నాణేల కుండ ఒకటి చెదిరిపోతే దానితో ఆ ఊరి చరిత్రలో ఒక పుట చిరిగిపోయినట్లే.

చూడగోరినవారికి సైఫాబాదులోని పాత టంకశాల భవనంలో 2022 జూన్‌లో ప్రదర్శనశాల తెరచినారు. ముద్రణ 1997లోనే చర్లపల్లికి మారినది. అక్కడ ప్రూఫ్ నాణేన్ని చూచిన విద్యార్థి ఊరికి తిరిగివచ్చి అవ్వ దాచిన చార్మినారు రూపాయిని భూతద్దంతో చూడవలెను. టంకశాల ఏమి ముద్రించ దలచెనో మొదటిది చెబుతుంది. ప్రజలు దానిని ఎట్లా వాడిరో రెండవది చెబుతుంది. మొదటిదానిని కాపాడుటకు పేటికలున్నవి, తాళాలున్నవి. రెండవదానిని కాపాడుటకు ఆ ఊరి పిల్లలు, వారి ఉపాధ్యాయులు తప్ప మరెవరూ లేరు.